గాలిమరలకు తోడుగా ఎంత రిజర్వు కావాలి? అనంతపురం గాలి, దక్షిణాది గ్రిడ్ లెక్కలు

పెన్నాతీరం | సోమవారం, ఉదయం 7.40

సభ్యులకు నమస్కారం. మాది ఉరవకొండ ప్రాంతం. మేడ ఎక్కి చూస్తే గాలిమరలు కనిపించని దిక్కు లేదు. నేను డిగ్రీ కళాశాలలో కామర్సు చెప్పేవాణ్ణి. విద్యుత్తు గురించి చదువుకున్నది తక్కువ. విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణకు మా వినియోగదారుల సంఘం తరఫున వినతిపత్రం రాసే పని నా మీద పడింది. మొన్న జరిగిన సన్నాహక సమావేశంలో ఒక పెద్దాయన ఒక మాట అన్నారు. గాలి ఎప్పుడు పడిపోతుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి ప్రతి మెగావాటు పవన విద్యుత్తుకూ ఒక మెగావాటు బొగ్గు కేంద్రాన్ని మండిస్తూ పక్కన సిద్ధంగా ఉంచాలట, ఆ ఖర్చంతా మన బిల్లులోకే వస్తుందట. ఆంధ్రప్రదేశ్‌లో పవన విద్యుత్ స్థాపిత సామర్థ్యం సుమారు 4,100 మెగావాట్లు. ఆయన మాటే నిజమైతే 4,100 మెగావాట్ల బొగ్గు యూనిట్లు ఏ పనీ లేకుండా మండుతూ ఉండాలి. అది నమ్మశక్యంగా లేదు, కానీ కాదనడానికి నా దగ్గర లెక్క లేదు. ఇలా సిద్ధంగా ఉంచే రిజర్వును ఎలా నిర్ణయిస్తారో, గాలిమరలు పెరిగేకొద్దీ అది ఎంత పెరుగుతుందో తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను. విచారణలో తప్పుడు మాట చదవడం నాకు ఇష్టం లేదు.

పంపకాలగది | సోమవారం, ఉదయం 10.15

పెన్నాతీరం గారూ, నేను ఏ విద్యుత్ కేంద్రం ఎప్పుడు ఎంత ఇవ్వాలో చూసే లోడ్ డిస్పాచ్ కేంద్రంలో చాలా ఏళ్లు షిఫ్టు ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. ఆ పెద్దాయన రెండు వేర్వేరు విషయాలను ఒకే మాటగా కలిపేశారు. వాటిని విడదీస్తే సగం గందరగోళం తీరుతుంది.

గాలి దాదాపు లేని జనవరి సాయంత్రం ఏడు గంటలకు రాష్ట్రం మొత్తం డిమాండుకు సరిపడే కేంద్రాలు మనకు అసలు ఉన్నాయా అన్నది మొదటి ప్రశ్న. ఇది ఏళ్ల ముందు వేసుకునే ప్రణాళికకు సంబంధించినది. సామర్థ్య సమృద్ధి అంటారు. ఆ కేంద్రాలు జూలైలో మండుతూ కూర్చోనక్కరలేదు, అప్పుడు మరమ్మతులకు ఆపుకోవచ్చు. ఈ గంటలో, ఈ నిమిషంలో అనుకున్నదానికీ జరిగినదానికీ వచ్చే తేడాను పూడ్చడానికి చేతిలో ఉంచుకునే మెగావాట్లు రెండవ విషయం. దాన్నే ఆపరేటింగ్ రిజర్వు అంటాం. రేపు మధ్యాహ్నం గాలి వెయ్యి మెగావాట్లు తగ్గుతుందని ఈరోజే తెలిస్తే దానికి రిజర్వు అక్కరలేదు, షెడ్యూలులోనే మరో కేంద్రాన్ని పెట్టుకుంటాం. మనకు తెలియకుండా తగ్గిన భాగానికే రిజర్వు కావాలి.

2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిది గంటలకు దేశమంతా తొమ్మిది నిమిషాలు దీపాలు ఆర్పినప్పుడు డిమాండు సుమారు 31,000 మెగావాట్లు పడిపోయి, వెంటనే మళ్లీ పెరిగింది. ఆ సమయం ముందే తెలుసు కాబట్టి జలవిద్యుత్తును ముందుగా పెంచి ఉంచి, ఆ కాసేపట్లో 17,000 మెగావాట్లకు పైగా దించి, తిరిగి ఎక్కించి గ్రిడ్‌ను నిలబెట్టారు. ఉత్పత్తికీ డిమాండుకూ మధ్య తూకాన్ని చూపే ఫ్రీక్వెన్సీ, 50 హెర్ట్జ్ ఉండవలసినది, 49.70కీ 50.26కీ మధ్యనే ఉండిపోయింది. అందులో పదోవంతు మార్పు చెప్పకుండా వచ్చినా డిస్పాచ్ గదిలో పరిస్థితి వేరుగా ఉంటుంది.

ఇక రిజర్వులో అంచెలు ఉన్నాయి. ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి జారగానే టర్బైన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్లు ఎవరి ఆదేశం కోసమూ చూడకుండా సెకన్లలో ఆవిరిని, నీటిని పెంచుతాయి. ఇది ప్రాథమిక స్పందన. ఒక్కసారిగా పోగల ఉత్పత్తి ఎంత అన్నదాన్ని బట్టి దీన్ని నిర్ణయిస్తారు. గ్రిడ్‌ను ఎలా నడపాలో చెప్పే నిబంధనావళి అయిన 2023 గ్రిడ్ కోడ్ దేశం మొత్తానికి 4,500 మెగావాట్ల నష్టాన్ని కొలతగా తీసుకుంది. కూడంకుళంలో 1,000 మెగావాట్ల యూనిట్ ట్రిప్ అయితే, అంటే ఉన్నట్టుండి ఆగిపోతే, ఆ వెయ్యీ రెప్పపాటులో పోతుంది. వెయ్యి మెగావాట్ల గాలి మాత్రం రెండేసి మెగావాట్ల మరలు ఐదువందలుగా మండలాల పొడవునా పరుచుకుని ఉంటుంది. ఒక కొండ మీద తగ్గిన గాలి తరువాతి కొండ మీద తగ్గడానికి నిమిషాలు పడుతుంది. అందుచేత ఈ అంచె మీద గాలి మార్పుల ప్రభావం దాదాపు లేదు. అన్ని మరల విద్యుత్తునూ మోసే సబ్‌స్టేషన్ ట్రిప్ అయితే అది వేరే విషయం.

దాని తరువాతిది ద్వితీయ రిజర్వు. జాతీయ లోడ్ డిస్పాచ్ కేంద్రం నుంచి నాలుగు సెకన్లకు ఒకసారి ఆటోమేటిక్ సంకేతం వెళ్తుంది. 2022 నిబంధనల ప్రకారం ఆ కేంద్రం 30 సెకన్లలో కదలడం మొదలుపెట్టి, 15 నిమిషాల్లో పూర్తిగా ఇచ్చి, మరో 30 నిమిషాలు నిలబెట్టాలి. చివరిది తృతీయ రిజర్వు. ఇది 15 నిమిషాల్లో అంది కనీసం గంటసేపు నిలవాలి. గాలి తాలూకు భారం ద్వితీయం మీద కొంత, తృతీయం మీద ఎక్కువ పడుతుంది. గాలి నిమిషాల్లో కొద్దిగానే మారుతుంది. గంటలు గడిచేకొద్దీ అంచనాకూ వాస్తవానికీ దూరం పెరుగుతుంది.

బాయిలర్‌మనిషి | సోమవారం, మధ్యాహ్నం 1.05

పంపకాలగది గారి వివరణతో నాకు పేచీ లేదు. అయితే డిస్పాచ్ తెర మీద కనిపించే రిజర్వుకూ, మా యూనిట్ నుంచి నిజంగా వచ్చే రిజర్వుకూ మధ్య దూరం ఉంది. ఆ దూరం మీ వినతిపత్రంలోకి రాకపోతే లెక్క సగమే అవుతుంది.

నేను ఒక బొగ్గు కేంద్రంలో 500 మెగావాట్ల యూనిట్ నడుపుతాను. నైరుతి రుతుపవనాల నెలల్లో గాలి బాగా వీచినప్పుడు మమ్మల్ని కనిష్ఠ సాంకేతిక లోడు వరకు, అంటే 55 శాతానికి, 275 మెగావాట్లకు బ్యాక్‌డౌన్ చేయిస్తారు, అంటే ఉత్పత్తి తగ్గింపిస్తారు. అప్పుడు కాగితం మీద మా దగ్గర 225 మెగావాట్ల ఖాళీ ఉంటుంది. ఇలాంటి యూనిట్లు పది ఉంటే 2,250 మెగావాట్ల రిజర్వు ఉన్నట్టు కనిపిస్తుంది. కాని యూనిట్ నిమిషానికి ఒక శాతం, అంటే 5 మెగావాట్ల చొప్పున పెరుగుతుందనుకుంటే, పావుగంటలో ఒక్కొక్కటి ఇచ్చేది 75, పదీ కలిపి 750 మెగావాట్లు. మిగిలిన 1,500 కోసం ఇంకో అరగంట ఆగాలి. ఈ లెక్క కూడా అన్నీ సవ్యంగా జరిగితేనే. తక్కువ లోడులో ఉన్నప్పుడు బొగ్గును పొడి చేసే మిల్లులు కొన్ని ఆపి ఉంచుతాం. లోడు పెంచాలంటే మరో మిల్లు వేయాలి, మంట నిలకడ చూసుకోవాలి, అవసరమైతే ఆయిల్ పెట్టాలి, బాయిలర్ డ్రమ్ములో నీటి మట్టమూ ఆవిరి ఉష్ణోగ్రతా అదుపు తప్పకుండా కాచుకోవాలి.

2023లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ తెచ్చిన నిబంధనలు బొగ్గు యూనిట్లు దశలవారీగా 40 శాతం వరకు దిగగలగాలని అంటున్నాయి. పెరిగే వేగాన్ని 70 శాతం పైన నిమిషానికి 3 శాతంగా, 55 నుంచి 70 మధ్య 2 శాతంగా, 40 నుంచి 55 మధ్య 1 శాతంగా పెట్టారు. అంటే గాలి బాగా వీచి మేము అడుగున ఉన్న సమయంలోనే మా కదలిక అన్నిటికంటే నెమ్మది. గాలి అకస్మాత్తుగా తగ్గగలిగేదీ ఆ సమయంలోనే.

గణాంకి | సోమవారం, సాయంత్రం 6.30

నేను గణాంకశాస్త్రం బోధిస్తాను. పెన్నాతీరం గారి అసలు ప్రశ్నకు ఒక సంఖ్యాత్మక సమాధానం ఉంది. ఈ అంకెలు ఉదాహరణ కోసం నేను తీసుకున్నవి, ఏ రాష్ట్రానివీ కావు.

ఒక గ్రిడ్‌లో గాలిమరలు లేవనుకుందాం. గంట ముందు వేసిన డిమాండు అంచనాలో పొరపాటు ప్రామాణిక విచలనం, అంటే అంచనా సాధారణంగా అటూ ఇటూ ఎంత తప్పుతుందన్న కొలత, 200 మెగావాట్లు. దాదాపు అన్ని సందర్భాలకూ సరిపోవాలని దానికి మూడు రెట్లు, అంటే 600 మెగావాట్లు రిజర్వుగా ఉంచారు. ఇప్పుడు గాలిమరలు వచ్చాయి, గాలి అంచనా పొరపాటు ప్రామాణిక విచలనం 150 మెగావాట్లు. గాలిని విడిగా చూస్తే 450 మెగావాట్ల రిజర్వు కావాలనిపిస్తుంది, మొత్తం 1,050 అనిపిస్తుంది. కాని రెండు పొరపాట్లూ ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే అవి కూడికలో కలవవు, వర్గాలు కలుస్తాయి. 200 వర్గం 40,000, 150 వర్గం 22,500, మొత్తం 62,500, దాని వర్గమూలం 250. కావలసిన రిజర్వు 750. గాలి వల్ల పెరిగినది 450 కాదు, 150 మాత్రమే. డిమాండు అనుకున్నదానికంటే పెరిగిన సమయంలోనే గాలి కూడా తగ్గాలన్న నియమం లేదు. చాలాసార్లు ఒకటి రెండవదాన్ని కొంత మేర సరిచేస్తుంది.

ఇదే సూత్రం గాలిమరల మధ్య కూడా పనిచేస్తుంది. అనంతపురం కొండల మీద అంచనా తప్పిన గంటలోనే తమిళనాడు ఆరల్వాయ్‌మొళి కనుమ దగ్గర, గుజరాత్ తీరంలో కూడా అదే దిశలో తప్పాలని లేదు. దూరం పెరిగేకొద్దీ పొరపాట్ల మధ్య సంబంధం బలహీనపడుతుంది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కిలోవోల్ట్ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసింది. గణాంకాల దృష్టితో చూస్తే ఆ లైను కూడా రిజర్వును తగ్గించిన నిర్మాణమే.

పెన్నాతీరం | సోమవారం, రాత్రి 9.10

గణాంకి మాస్టారికి కృతజ్ఞతలు. వర్గమూలం లెక్క నేను కూడా చేసి చూసుకున్నాను. ఒక్క సందేహం. రెండు పొరపాట్లకూ సంబంధం లేదన్న ఊహ మీద ఈ లెక్క నిలబడి ఉంది. మా ఊళ్లో వాన మొదలైతే గాలీ మారుతుంది, బోరు మోటార్లూ ఆగిపోతాయి. అవి సంబంధం లేని విషయాలని ఎలా అనుకోగలం?

పంపకాలగది | మంగళవారం, ఉదయం 8.20

ఇది సరైన ప్రశ్న, దీనికి జవాబు పుస్తకాల కంటే షిఫ్టు డైరీల్లో ఎక్కువ దొరుకుతుంది.

మన రాష్ట్రాల్లో వ్యవసాయ పంపుసెట్ల లోడు చాలా పెద్దది. వాన పడితే రైతు మోటారు ఆపేస్తాడు, ఊళ్లలో చల్లబడి ఏసీలు, ఫ్యాన్లు తగ్గుతాయి. వానను తెచ్చే మబ్బుల ముందు గాలి విజృంభిస్తుంది. ఆ గంటలో డిమాండు అంచనా కంటే తక్కువ, గాలి అంచనా కంటే ఎక్కువ. రెండు పొరపాట్లూ గ్రిడ్‌ను ఒకే దిశకు నెడతాయి, ఫ్రీక్వెన్సీ 50.05 దాటుతుంది. అలాంటి ఒక జూలై సాయంత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఉత్పత్తి తగ్గించమని వరుసగా ఫోన్లు చేస్తూనే ఉన్నాం, అప్పటికే ప్రతి బొగ్గు యూనిట్ అడుగుకు చేరి ఉంది. అంతా దించి ఊపిరి పీల్చుకునేలోగా మబ్బు దాటిపోయి, గాలి రెండు గంటల్లో దాదాపు సగానికి పడిపోయింది. ఈసారి డిమాండు కూడా తక్కువగానే ఉండబట్టి ఒకటి రెండవదాన్ని ఆదుకుంది. కాబట్టి సంబంధం ఉంటుంది, అయితే అది ఎప్పుడూ ఒకే దిశలో ఉండదు. వాన ముందు ఒక రకంగా, వాన తరువాత మరో రకంగా ఉంటుంది.

అందరూ గాలి తగ్గడం గురించే మాట్లాడుతున్నారు కాబట్టి ఇది నొక్కి చెబుతున్నాను. రిజర్వు పైకీ కావాలి, కిందికీ కావాలి. రుతుపవనాల నెలల్లో కిందికి దించే రిజర్వే ముందు అయిపోతుంది.

గణాంకి | మంగళవారం, మధ్యాహ్నం 12.45

నా ఊహలో ఉన్న లోపాన్ని పెన్నాతీరం గారు పట్టుకున్నారు, పంపకాలగది గారు దానికి ప్రాణం పోశారు. లెక్కను సవరిస్తున్నాను. రెండు పొరపాట్లూ నికర డిమాండును (డిమాండులోంచి గాలి తీసివేయగా మిగిలేదాన్ని) ఒకే దిశకు నెట్టే సంబంధం 0.5 మేర (సున్నా అంటే సంబంధం లేదు, ఒకటి అంటే పూర్తి సంబంధం) ఉందనుకుంటే, వర్గాల మొత్తానికి మరో 30,000 కలపాలి. 92,500 వర్గమూలం సుమారు 304. మూడు రెట్లు చేస్తే 912. అంటే పెరుగుదల 150 నుంచి 312కు వెళ్లింది. 450 కంటే ఇంకా తక్కువే, కాని నేను మొదట చెప్పినదానికి రెట్టింపు. వాన సూచన ఉన్న రోజుకూ లేని రోజుకూ ఒకే రిజర్వు పెట్టడం ఎందుకు తప్పో దీనితో తెలుస్తుంది.

దీనికి తోడు గాలిమర స్వభావం ఒకటి ఉంది. గాలిలోని శక్తి వేగపు ఘనాన్ని అనుసరిస్తుంది. సెకనుకు 8 మీటర్లు వీస్తుందనుకున్న గాలి 9 మీటర్లు వీస్తే ఉత్పత్తి సుమారు 42 శాతం పెరుగుతుంది. అదే 14 మీటర్లకు బదులు 15 వీస్తే ఏమీ మారదు, ఎందుకంటే సుమారు 12 మీటర్ల దగ్గరే మర తన పూర్తి సామర్థ్యానికి చేరి ఉంటుంది. 3 మీటర్ల లోపు ఎలాగూ తిరగదు. ఒక మీటరు పొరపాటు మధ్య వేగాల్లో ప్రమాదకరం, రెండు చివరల్లో దాదాపు నిరపాయం. ఒక్క మినహాయింపు తుఫాను గాలి. 25 మీటర్ల దగ్గర మరలు తమను తాము కాపాడుకోవడానికి ఆగిపోతాయి. కాబట్టి స్థాపిత సామర్థ్యంలో ఇంత శాతం రిజర్వు అని ఏడాదికి ఒకే అంకె పెట్టడం అశాస్త్రీయం. రేపటి గాలి అంచనా, వేగానికి తగ్గ ఉత్పత్తిని చూపే వక్రరేఖలో ఎక్కడ ఉందో చూసి, గంటకు గంటగా నిర్ణయించాలి.

ఆస్టిన్‌వాసి | మంగళవారం, రాత్రి 8.55

నేను కొన్నేళ్లుగా టెక్సస్‌లో ఉంటున్నాను, విద్యుత్ మార్కెట్ రంగంలోనే పని. ఇక్కడి గ్రిడ్ అమెరికాలోని మిగతా గ్రిడ్‌లతో దాదాపు కలవదు కాబట్టి పొరుగువారి సాయం స్వల్పం. అందుకే ఇక్కడి అనుభవం పాఠంలా పనికివస్తుంది.

2008 ఫిబ్రవరి 26 సాయంత్రం ఇక్కడ పవన విద్యుత్తు కొన్ని గంటల్లో సుమారు 1,700 మెగావాట్ల నుంచి 300 మెగావాట్లకు తగ్గింది. అదే సమయంలో సాయంత్రపు డిమాండు అనుకున్నదానికంటే వేగంగా పెరిగింది, కొన్ని సంప్రదాయ కేంద్రాలు కూడా ఇస్తామన్నంత ఇవ్వలేదు. ఫ్రీక్వెన్సీ తగ్గడంతో ముందే ఒప్పందం చేసుకున్న పరిశ్రమల లోడు సుమారు 1,100 మెగావాట్లు తొలగించి గ్రిడ్‌ను కాపాడారు. ఇళ్లకు కరెంటు పోలేదు. మరునాడు పత్రికలు గాలినే నిందించాయి. తరువాత తేలినదేమిటంటే, అప్పటికే ప్రయోగాత్మకంగా నడుస్తున్న ఒక గాలి అంచనా వ్యవస్థ ఆ తగ్గుదలను చాలావరకు ముందే చూపించింది. కాని దాన్ని ఇంకా ఆపరేటర్ల పనిలో భాగం చేయలేదు. పంపకాలగది గారు మొదటే చెప్పిన మాటకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

2010 డిసెంబరులో ఇక్కడ 15 నిమిషాల డిస్పాచ్ పోయి 5 నిమిషాల డిస్పాచ్ వచ్చింది. గాలిమరలు పెరుగుతూనే ఉన్నా, క్షణక్షణం సర్దుబాటుకు కొనే రెగ్యులేషన్ రిజర్వు తగ్గింది. పావుగంట మధ్యలో వచ్చే మార్పులను రిజర్వు మోయవలసిన చోట మామూలు డిస్పాచే మోయడం మొదలుపెట్టింది. రిజర్వు అవసరాన్ని ఇక్కడ నెలవారీగా, రోజులో గంటవారీగా వేరు వేరుగా లెక్కకట్టి ప్రకటిస్తారు. గణాంకి గారు కోరుతున్నది ఆ దిశలోనిదే.

చిట్టాలెక్క | బుధవారం, ఉదయం 9.30

టారిఫ్ ఉత్తర్వులు చదవడం నా వృత్తి. ఆస్టిన్‌వాసి గారి మాటకు జర్మనీ అనుభవాన్ని జోడిస్తాను. అక్కడ 2008 తరువాతి కొద్ది ఏళ్లలో గాలి, సౌర సామర్థ్యం మూడు రెట్లయింది. అదే కాలంలో సర్దుబాటు రిజర్వులు 15 శాతం తగ్గాయి. గాలి నిలకడగా వీచడం నేర్చుకోలేదు. అక్కడి నాలుగు ట్రాన్స్‌మిషన్ సంస్థలు ఎవరి రిజర్వు వారు విడివిడిగా ఉంచుకోవడం మాని ఉమ్మడిగా లెక్కకట్టడం మొదలుపెట్టాయి. అంతకుముందు ఒకరు ఉత్పత్తి పెంచుతున్న నిమిషంలోనే పక్కవారు తగ్గిస్తూ ఉండేవారు. ఆ వృథా ఆగింది. అంచనాలు మెరుగుపడ్డాయి, విద్యుత్తును పావుగంట లెక్కన కొని అమ్మే వ్యాపారం వచ్చింది.

మన దగ్గర కూడా ఇలాంటి సరిహద్దు గీతలు ఉన్నాయి. ప్రతి రాష్ట్రం తన షెడ్యూలుకు తానే బాధ్యత వహిస్తుంది, రోజు 96 పావుగంటలుగా విడిపోయి ఉంటుంది. ఏపీలో గాలి, సౌర కేంద్రాల అంచనాలకు 2017లో నియంత్రణ మండలి నిబంధన వచ్చింది. అందుబాటులో ఉన్న సామర్థ్యంలో 15 శాతం వరకు తేడా వస్తే ఉత్పత్తిదారుకు జరిమానా ఉండదు. అంటే 100 మెగావాట్ల కేంద్రం 40 ఇస్తానని 25 ఇచ్చినా నిబంధన దృష్టిలో అది తప్పు కాదు. ఆ 15 మెగావాట్లను పూడ్చేది గ్రిడ్, భరించేది అందరూ. ఇలాంటి తేడాలు రాష్ట్రస్థాయిలో ఒకదానికొకటి చెల్లుబాటు అవుతాయన్నది నిజమే, కాని పూర్తిగా కాదు.

ఇంకొక విషయం వినతిపత్రానికి ఉపయోగపడుతుంది. 2023 గ్రిడ్ కోడ్‌లో ద్వితీయ రిజర్వును నిర్ణయించడానికి ఉన్న పద్ధతుల్లో ఒకదాని ప్రకారం, అతి పెద్ద యూనిట్ సామర్థ్యంలో 110 శాతానికి డిమాండు అంచనా పొరపాటు, గాలి అంచనా పొరపాటు, సౌర అంచనా పొరపాటు కలుపుతారు. గణాంకి గారు వర్గమూలం అన్నచోట ఇక్కడ నేరు కూడిక ఉంది. భద్రత కోణంలో అది అర్థం చేసుకోదగినదే. ఖర్చు కోణంలో ప్రశ్నించదగినది. ఆ పక్కనే వాస్తవంగా నమోదైన తేడాల 99వ శతాంశాన్ని, అంటే నూటికి 99 సందర్భాల్లో తేడా దాటని అంకెను, తీసుకునే పద్ధతి కూడా ఉంది, నా దృష్టిలో అది మెరుగైనది.

మండుతూ వృథాగా ఉంటాయన్న మాటకు కూడా జవాబు ఇవ్వాలి. 275 మెగావాట్ల దగ్గర ఉన్న యూనిట్ ఆ 275 మెగావాట్లనూ గ్రిడ్‌కు ఇస్తూనే ఉంటుంది. అక్కడ ఖర్చు మూడు చోట్ల పుడుతుంది. తక్కువ లోడులో ఒక్కో యూనిట్ కరెంటుకు పట్టే బొగ్గు పెరుగుతుంది, ఆపి మళ్లీ వెలిగించడానికి ఆయిల్ ఖర్చవుతుంది, తరచూ వేడెక్కి చల్లారడం వల్ల బాయిలర్ గొట్టాలు త్వరగా అలసిపోతాయి. ఇవి నిజమైన ఖర్చులే, కాని ఒక మెగావాటుకు ఒక మెగావాటు అన్న లెక్కకు ఇవి ఎక్కడా దగ్గరగా రావు.

బాయిలర్‌మనిషి | బుధవారం, మధ్యాహ్నం 2.20

చిట్టాలెక్క గారు గొట్టాల అలసట గురించి రాసినందుకు ధన్యవాదాలు. ఆ మాట మా కేంద్రం బయట రాసేవారు తక్కువ.

ఒకదానిపై మాత్రం నాకు ఆందోళన ఉంది. రుతుపవనాల్లో వారం పాటు గాలి బాగుంటుందనగానే కొన్ని యూనిట్లను రిజర్వు షట్‌డౌన్‌లో పెడతారు, అంటే పూర్తిగా ఆపేస్తారు. పేరులో రిజర్వు ఉంది కాని, పూర్తిగా చల్లారిన బొగ్గు యూనిట్ మళ్లీ గ్రిడ్‌కు చేరడానికి అరపూట పైనే పడుతుంది. పావుగంట రిజర్వు లెక్కలో దాని విలువ సున్నా. ఎక్కువ యూనిట్లు ఆపితే పైకి వెళ్లే రిజర్వు ఉండదు. ఎక్కువ యూనిట్లు నడిపితే అన్నీ కనిష్ఠ లోడులో ఇరుక్కుని కిందికి దించే రిజర్వు ఉండదు, చివరికి గాలిమరలనే ఆపమనవలసి వస్తుంది. ఏ రాత్రి ఎన్ని యూనిట్లు నడపాలన్న ఆ ఒక్క నిర్ణయంలోనే రిజర్వు సమస్య అంతా ఉంది.

జలవిద్యుత్తు ఉంది కదా అంటారు. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని ఆరు 150 మెగావాట్ల యూనిట్లలో, నీటిని తిరిగి ఎత్తిపోసే యంత్రాలు ఉన్నాయి. అవి నిమిషాల్లో కదులుతాయి, గాలికి అంతకంటే మంచి తోడు లేదు. కాని జూన్‌లో గాలి లేచే సమయానికి జలాశయాలు తరచూ అడుగంటి ఉంటాయి. వరద వచ్చాక గేట్లు ఎత్తే పరిస్థితిలో యంత్రాలన్నీ పూర్తి లోడులో నడుస్తాయి, అప్పుడు పైకి పెంచడానికి ఏమీ మిగలదు. తాగునీటి, సాగునీటి విడుదల కూడా మన చేతిలో ఉండదు.

సెలయేరు | బుధవారం, సాయంత్రం 5.40

చర్చ మొదటినుంచి చదువుతున్నాను. 2016లో దక్షిణ ఆస్ట్రేలియా మొత్తం చీకటయినది గాలిమరల వల్లనేనని చాలాచోట్ల చదివాను. అది రిజర్వు చాలకపోవడం వల్ల జరిగినదేనా?

పంపకాలగది | బుధవారం, రాత్రి 7.15

కాదండీ. 2016 సెప్టెంబరు 28న తుఫానులో ట్రాన్స్‌మిషన్ టవర్లు కూలి, కొద్ది వ్యవధిలో వోల్టేజి పదేపదే పడిపోయింది. అన్నిసార్లు పడిపోతే మర తనను తాను విడదీసుకోవాలన్న రక్షణ అమరిక కొన్ని గాలి కేంద్రాల్లో ఉంది. ఆ సంగతి గ్రిడ్ ఆపరేటరుకు తెలియదు. సెకన్ల వ్యవధిలో 456 మెగావాట్లు తగ్గాయి, ఆ భారమంతా పొరుగు రాష్ట్రం నుంచి వచ్చే లైను మీద పడి అది ట్రిప్ అయింది. గాలి వీస్తూనే ఉంది. ఆ అమరికలు మార్చాక ఆ లోపం తీరింది.

2019 ఆగస్టు 9న బ్రిటన్‌లో జరిగినది మాత్రం రిజర్వుకు సంబంధించినదే. పిడుగుపాటు తరువాత సముద్రంలోని హార్న్‌సీ గాలి కేంద్రం 737 మెగావాట్లు, లిటిల్ బార్‌ఫర్డ్ గ్యాస్ కేంద్రం 641 మెగావాట్లు దాదాపు ఒకేసారి కోల్పోయారు. అక్కడ సిద్ధంగా ఉంచినది సుమారు 1,000 మెగావాట్లు. ఫ్రీక్వెన్సీ 48.8కి పడిపోయి పది లక్షలకు పైగా వినియోగదారులకు కరెంటు పోయింది. అక్కడా గాలి తగ్గలేదు, నియంత్రణ వ్యవస్థ విఫలమైంది. ఒకే కేబుల్ మీద వందల మెగావాట్లు చేరినప్పుడు గాలి కేంద్రం కూడా పెద్ద యూనిట్‌లా ప్రవర్తిస్తుంది. మొదటి టపాలో నేను ప్రాథమిక స్పందన మీద ప్రభావం దాదాపు లేదన్నాను. సముద్రంలో కట్టే కేంద్రాలకు ఆ మాటను ఇలా సవరించుకోవాలి.

పెన్నాతీరం | గురువారం, ఉదయం 6.50

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న రాత్రి వినతిపత్రంలో ఈ భాగాన్ని ఇలా రాసుకున్నాను:

"పవన విద్యుత్ సామర్థ్యానికి సమానంగా థర్మల్ రిజర్వు ఉంచాలన్న వాదన సరికాదు. ఆపరేటింగ్ రిజర్వును డిమాండు, గాలి అంచనాల్లో వచ్చే ఉమ్మడి పొరపాటును బట్టి నిర్ణయించాలి. ఆ పొరపాటు రుతువును బట్టి, వాన సూచనను బట్టి, గాలి వేగాన్ని బట్టి మారుతుంది కాబట్టి రిజర్వు కూడా మారాలి. గాలి వల్ల అదనంగా కావలసిన రిజర్వు పవన సామర్థ్యంలో పదో వంతుకు మించదు."

చివరి వాక్యం మీద నాకు ధైర్యం చాలడం లేదు.

పంపకాలగది | గురువారం, ఉదయం 8.05

ఆ వాక్యం తీసివేయండి. మీ దగ్గర రాష్ట్రపు లెక్క లేదు, ఈ చర్చలో వచ్చిన అంకెలు ఉదాహరణలు. దాని స్థానంలో ఒక కోరిక పెట్టండి: ప్రతి పావుగంటకూ వేసిన డిమాండు అంచనా, గాలి అంచనా, వాస్తవంగా వచ్చినవి, ఈ నాలుగింటినీ లోడ్ డిస్పాచ్ కేంద్రం బహిరంగపరచాలని. అంచనా ఎన్ని గంటల ముందు వేసినదో కూడా పక్కన ఉండాలి. రోజు ముందు అంచనాకూ గంట ముందు అంచనాకూ మధ్య తేడాలోనే తృతీయ రిజర్వు ఖర్చు దాగి ఉంటుంది. పైకి ఎంత రిజర్వు ఉంచారో, కిందికి ఎంత ఉంచారో వేరువేరుగా అడగండి. బాయిలర్‌మనిషి గారు చెప్పినట్టు, ఆ పావుగంటలో నిజంగా రాగలిగినది ఎంతో కూడా అడగండి. ఖాళీ మొత్తాన్ని రిజర్వుగా చూపిస్తే ఒప్పుకోకండి.

గణాంకి | గురువారం, ఉదయం 8.40

ఆ దత్తాంశం వస్తే ఉమ్మడి పొరపాటును ఒక ఏడాదికి లెక్కకట్టి ఇచ్చే బాధ్యత నాది. జూలై, జనవరి నెలలను కలిపి సగటు తీయకుండా నెలవారీగా అడగండి. వాన పడిన రోజులను విడదీయడానికి మండలాల వర్షపాతం వివరాలు కూడా కావాలి.

పెన్నాతీరం | గురువారం, ఉదయం 9.15

పదో వంతు వాక్యం తీసివేశాను. నెలవారీ పట్టిక నమూనా ఒకటి గీసి, సవరించిన పత్రంతో పాటు రేపు సాయంత్రంలోగా ఇక్కడే పెడతాను. వర్షపాతం వివరాల కోసం మా మండల గణాంక కార్యాలయానికి ఈరోజే వెళ్తున్నాను.